నగరమునకు ఉదజని

జాతరలలోను తిరునాళ్ళలోను రంగుబుడగల నమ్మువాని చుట్టు పిల్లలు మూగియుండుట మనమందరము చూచినదే. వాని ప్రక్కన ఇనుప సిలిండరొకటి నిలిచియుండును. అందులో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి, అల్యూమినియము ముక్కలు వేసి, మూత బిగించినచో లోపల ఒక వాయువు పుట్టును. ఆ వాయువుతో నింపిన బుడగ దారము జారినంతనే మిద్దెల మీదుగా ఎగిరిపోవును, పిల్లవాడు గొల్లుమనును. ఎవడైన వెలిగించిన బీడీతో దగ్గరకు వచ్చినచో ఆ బుడగయే భగ్గుమనును. ఒక్కొక్కప్పుడు సిలిండరే ప్రేలి ప్రాణములు తీయుటయు వార్తాపత్రికలలో చదువుచుందుము. ఆ వాయువు ఉదజని. నేడు హైడ్రోజన్ అను పేరే ఎక్కువగా వినబడుచున్నది.

ఇంతటి చపలమైన వాయువును గొట్టముల ద్వారా ఇంటింటికి పంపి చలికాలమున గదులు వెచ్చజేసికొనవచ్చుననియు, దానితో వీధులలో బస్సులు నడుపవచ్చుననియు కొందరు ఇంజనీర్లు చెప్పుచున్నారు. చెప్పుటయే కాదు, కొన్ని నగరములలో పూనుకొనిరి కూడ. ఆ పూనికలు ఎట్లు సాగినవి, ఎచ్చట నిలిచినవి, ఏల నిలిచినవి అను సంగతిని శ్రోతలకు కొంత విపులముగా విన్నవింపదలచితిమి. మన ఇండ్లలో గది వెచ్చజేయు అవసరము అంతగా లేదు గదా, ఈ గొడవ మనకేల అని కొందరనవచ్చును. పొయ్యి మనకును ఉన్నది, బస్సు మనకును ఉన్నది. పైగా ఈ వాయువును రాశులుగా తయారు చేయుటకు మన సముద్రతీరముననే సన్నాహములు జరుగుచున్నవి. కావున ఆలకింపవలసిన విషయమే.

ఉదజనిని ప్రత్యేకమైన వాయువుగా గుర్తించినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హెన్రీ కావెండిష్; అది 1766వ సంవత్సరము. అది మండినపుడు నీరేర్పడునని తెలిసిన పిమ్మట ఫ్రెంచి పండితుడు లవోయిజియే దానికి నీటిని పుట్టించునది అను అర్థము వచ్చు పేరు పెట్టెను. మన ఉదజని పదమునందును ఉదకమే ఉన్నది. బొగ్గు మండిన బొగ్గుపులుసు వాయువు వచ్చును; పెట్రోలు మండినను, వంటగ్యాసు మండినను అదియే వచ్చును. ఉదజని మండినచో నీటియావిరి మాత్రమే వచ్చును. దీనియందు లోకమునకు కలిగిన మోజంతయు ఈ ఒక్క గుణము వలననే. మంట మిక్కిలి వేడియైనచో గాలిలోని నత్రజని కొంత కాలి హానికరమైన ఆక్సైడులు పుట్టునను మాట నిజమే. మసి లేకున్నంత మాత్రమున దోషమే లేదనరాదు.

దీని బలమును, బలహీనతను తూకము మీదను కొలత మీదను వేరువేరుగా చూడవలెను. తూకమున ఉదజని మహా బలశాలి. ఒక కిలో ఉదజనిలో 33 యూనిట్ల శక్తి ఉన్నది. మనము కరెంటు బిల్లులో చూచు యూనిట్టే ఇది. ఒక కిలో పెట్రోలులో ఉన్న శక్తి ఇందులో మూడవవంతు కంటె కొంచెమే ఎక్కువ. కాని ఆ కిలో ఉదజని మామూలు గాలి ఒత్తిడిలో 11 ఘనమీటర్ల చోటు ఆక్రమించును. అనగా ఒక చిన్న గదిలో సగము దాకా నిండును. దానిని బస్సులో పెట్టవలెనన్న గాలి ఒత్తిడికి 350 రెట్లు అదుమవలెను. చిన్న కార్లలోనైతే 700 రెట్లు. ద్రవముగా మార్చవలెనన్న సున్నకు దిగువ 253 డిగ్రీల దాకా చల్లబరుపవలెను. అంత కష్టపడి ద్రవము చేసినను లీటరు తూగునది 71 గ్రాములే. గిన్నెడు దూదిని అగ్గిపెట్టెలో కూరినట్లుండును ఈ పని.

ఇక ఉదజని ఎచ్చటనుండి వచ్చును? భూమి మీద అది విడిగా దొరకుట అరుదు. నీటిలో ప్రాణవాయువుతోను, సహజవాయువులో కర్బనముతోను పెనవేసికొనియుండును. విడదీయుటకు శక్తి వ్యయము చేయవలెను. కనుక ఉదజని బొగ్గు వలె త్రవ్వి తీసికొను ఇంధనము కాదు. శక్తిని ఒకచోటినుండి మరియొకచోటికి మోయు కావడి వంటిది. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనగోరుదుము. ముందు చెప్పబోవు చిక్కులన్నియు ఇందుండియే పుట్టినవి.

నేడు ప్రపంచమున ఏటేట తొమ్మిదిన్నర కోట్ల టన్నులకు పైగా ఉదజని తయారగుచున్నది. అందు మిక్కిలి హెచ్చు భాగము సహజవాయువునుండియు బొగ్గునుండియు తీసినదే. సహజవాయువును ఆవిరితో కలిపి కాచినచో ఉదజని వచ్చును గాని, కిలో ఉదజనికి తొమ్మిది పది కిలోల బొగ్గుపులుసు వాయువు కూడ వెలువడును. ఆ వాయువును గాలిలోనికి వదలిన తరువాత, ఇంటిలో మండునపుడు నీరే వచ్చుచున్నదని సంతసించుట ఊరి చెత్తను పొరుగూరి పొలిమేరలో పోసి వచ్చినట్లుండును. రెండవ పద్ధతి విద్యుద్విశ్లేషణము, అనగా నీటిలోనికి విద్యుత్తు పంపి విడదీయుట. 1800లోనే ఇంగ్లండులో నికల్సన్, కార్లైల్ అను వారిద్దరు ఈ పని చేసి చూపిరి. ఆ విద్యుత్తు ఎండనుండియో గాలినుండియో వచ్చినదైనచో అట్టి ఉదజనికి హరిత ఉదజని అను పేరు వాడుకలోనికి వచ్చినది. కిలో ఉదజనికి 9 లీటర్ల నీరు విడదీయవలెను. విద్యుత్తు 50 నుండి 55 యూనిట్ల వరకు కావలెను. పెట్టినది 50కి పైగా, చేతికి వచ్చినది 33. మొదటి అడుగులోనే ఇంత తరుగు.

నగరముల వంటయిండ్లకు ఉదజని క్రొత్తదని మనము తలంతుము. కాదు. లండను నగరమున 1812లో బొగ్గును మూసిన బట్టీలలో కాచి తీసిన గ్యాసును వీధులకు పంపు కంపెనీ ఏర్పడెను. మన దేశమున కలకత్తా వీధులలో 1857లో అట్టి గ్యాసుదీపములు వెలిగినవి. ఆ బొగ్గుగ్యాసులో దాదాపు సగము ఉదజనియే! మిగిలినది మీథేను, కార్బన్ మోనాక్సైడు మొదలగునవి. ఈ కార్బన్ మోనాక్సైడు విషవాయువు. కొళాయి సరిగా మూయక నిద్రించిన ఇంటిలో తెల్లవారుసరికి ప్రాణములు పోవుట ఆ రోజులలో కద్దు. ఉత్తర సముద్రము క్రింద సహజవాయువు దొరకిన పిదప బ్రిటనులో 1967 నుండి 1977 వరకు పదేండ్లపాటు పనివారు ఇంటింటికి తిరిగి పొయ్యిలను, బాయిలర్లను క్రొత్త వాయువునకు తగినట్లు మార్చిరి. కోటికి పైగా గృహములు! ఇంటి యజమానురాలు వంట ఆపి కూర్చుండగా మనుష్యులు వచ్చి బర్నర్లు విప్పి మార్చిపోవుట ఆ దేశపు పెద్దలకు నేటికిని జ్ఞాపకమే. ఒకసారి చేసిన పనిని మరల చేయలేమా అని ఉదజని పక్షమువారు అడుగుట ఈ అనుభవమును పట్టుకొనియే.

ఇచ్చట ఒక మహనీయుని స్మరింపక ముందుకు సాగలేము. 1923లో కేంబ్రిడ్జిలో జె. బి. ఎస్. హాల్డేన్ అను యువ శాస్త్రజ్ఞుడు ఒక ఉపన్యాసము చదివెను. ఇంగ్లండులో బొగ్గు, చమురు ఎప్పటికైన హరించుకొనిపోవుననియు, నాలుగు వందల ఏండ్లకు దేశమంతట వరుసలు వరుసలుగా గాలిమరలు తిరుగుననియు, గాలి విరివిగా వీచినపుడు మిగిలిన విద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ వాయువులను ద్రవములుగా మార్చి భూమిలో పాతిన పెద్ద తొట్లలో దాచి, గాలి లేని దినములలో వాడుకొందురనియు ఆయన ఊహించి చెప్పెను. నాలుగు వందల ఏండ్లు పట్టలేదు. నూరేండ్లకే గాలిమరలు వచ్చినవి. ఆ హాల్డేన్ 1957లో మన దేశమునకు వచ్చి ఇచ్చటనే స్థిరపడిరి. 1964లో భువనేశ్వరమున కన్నుమూసిరి. తమ దేహమును వైద్యవిద్యార్థుల ఉపయోగమునకై కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు వ్రాసియిచ్చియుండిరి. కాకినాడ సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

ఇప్పుడు లీడ్స్ నగరమునకు పోవుదము. ఉత్తర ఇంగ్లండులో ఉన్నితో, నేతతో పెరిగిన పెద్ద పారిశ్రామిక నగరమిది. చలి ఎక్కువ. బ్రిటనులో నూటికి ఎనుబది ఇండ్లకు పైగా సహజవాయువుతోనే వెచ్చబడుచున్నవి. ప్రతి యింటను ఒక బాయిలరుండును. అది నీటిని కాచి గదులలోని ఇనుప పలకల గుండ ప్రవహింపజేయును. పులుసు వాయువు తగ్గింపవలెనన్నచో ఈ లక్షల బాయిలర్ల సంగతి తేల్పక తప్పదు. 2016లో ఆ ప్రాంతపు గ్యాసు గొట్టముల సంస్థవారు లీడ్స్ నగరమునంతను సహజవాయువునుండి నూటికి నూరుపాళ్ళు ఉదజనికి మార్చుట సాధ్యమే అని చెప్పు ఒక బృహత్ ప్రణాళికను ప్రకటించిరి. సుమారు ఆరున్నర లక్షల జనులకు సంబంధించిన పథకము. పెట్టుబడి అంచనా రెండు వందల కోట్ల పౌనులు.

ఆ ప్రణాళికలోని తెలివి మెచ్చుకొనదగినది. మొదటిది గొట్టముల సంగతి. ఉదజని అణువు అతి చిన్నది. కొన్ని జాతుల ఉక్కులోనికి చొరబడి దానిని పెళుసుబారజేయును. అయితే బ్రిటనులో 2002 నుండి వీధులలోని పాత ఇనుప గొట్టములను తీసివేసి పసుపుపచ్చని ప్లాస్టికు గొట్టములు వేయుచున్నారు. అది మరియొక కారణమున, పాత గొట్టములు పగిలి గ్యాసు కారుచుండుటచే, మొదలిడిన పని. ఆ ప్లాస్టికు గొట్టములు ఉదజనికిని సరిపడును. రెండవది, ఘనమీటరు ఉదజనిలోని శక్తి ఘనమీటరు సహజవాయువులోని శక్తిలో మూడవవంతే గదా, గొట్టములు చాలునా అను ప్రశ్న. ఉదజని మిక్కిలి తేలిక యగుటచే అదే ఒత్తిడికి దాదాపు మూడు రెట్లు వేగముగా పారును. కావున అదే గొట్టములో ఇంచుమించు అంతే శక్తి పోవును. ప్రకృతి ఒక చేత తీసి మరొక చేత ఇచ్చినట్లయినది.

మూడవది నిలువ. చలిదేశమున ఎండకాలమున బాయిలర్లు ఊరక యుండును. మాఘమాసపు ఉదయమున అన్నియు ఒక్కమారే మండును. లీడ్సుకు ఈశాన్యమున టీస్ నదీ ముఖద్వారమున భూమి లోపల ఉప్పు పొరలున్నవి. నీటితో ఉప్పు కరగించి తీసిన గుహలలో 1970ల మొదటినుండియు రసాయన కర్మాగారములవారు ఉదజనిని దాచుచునేయున్నారు. వేసవిలో తయారైనది అట్టి గుహలలో దాచి చలికాలమున తీయవచ్చును. మరి తయారీ? సహజవాయువునుండియే. వెలువడు పులుసు వాయువును పట్టి ఉత్తర సముద్రపు అడుగున పూడ్చుదురట. ఇండ్లను పేటల వారీగా వేసవి నెలలలో, చలి బాధ లేనపుడు మార్చుకొనుచు పోవుదురు. కాగితము మీద ఏ లోటును లేదు.

ప్రణాళిక వెంబడి చిన్న ప్రయోగములు జరిగినవి. గేట్స్‌హెడ్ దగ్గర విన్లాటన్ అను గ్రామమున 2021, 2022 సంవత్సరములలో 668 ఇండ్లకు సహజవాయువులో నూటికి 20 పాళ్ళ వరకు ఉదజని కలిపి పంపిరి. పొయ్యిలు మార్చనక్కరలేకపోయెను, వంట యథాప్రకారము సాగెను. కాని లెక్క చూడుడు: ఘనపరిమాణమున 20 పాళ్ళు కలిపినను ఉదజని శక్తి మూడవవంతే గనుక, తగ్గు పులుసు వాయువు నూటికి 7 పాళ్ళు మాత్రమే. పాలలో నీళ్ళు కలిపినట్లు కలుపుటవలన పెద్ద ప్రయోజనము లేదు. మార్చినచో పూర్తిగా మార్చవలెను.

పూర్తిగా మార్చుటకు ఒక గ్రామము కావలసి వచ్చెను. ఎల్స్‌మియర్ పోర్టు పట్టణమునందలి విట్బీ అను పేటలో సుమారు రెండు వేల గృహములను ఎంచిరి. ఇంతవరకు విషయము గొట్టములది, గుహలది, లెక్కలది. ఇచ్చట అది వంటగదిలోనికి వచ్చెను. అచ్చటివారికి ఉత్తరములు వచ్చినవి, సభలు జరిగినవి. మా ఇంటి బాయిలరు మార్చుటకు మమ్మడిగిరా? ధర ఎంతగునో చెప్పుదురా? ప్రేలదని హామీ ఎవరిచ్చెదరు? ఇష్టము లేనివారు పాత వాయువే ఉంచుకొనవచ్చునా? ఇట్టి ప్రశ్నలు లేచినవి. కడపటి ప్రశ్నకు ఉదజని కాకున్న విద్యుత్తు తీసికొనుడని సమాధానము వచ్చెను. పాత వాయువు మాత్రము ఉండదు. ఒకే గొట్టములో రెండు వాయువులు పంపలేరు గదా, ఆ సమాధానమున న్యాయమున్నది. కాని తన ఇంట తన అనుమతి లేకయే ప్రయోగము జరుగుచున్నదని భావించిన గృహస్థుని కోపమునందును న్యాయమున్నది. 2023 జులైలో ప్రభుత్వమువారు స్థానికుల మద్దతు చాలినంత లేదని విట్బీ ప్రయోగమును విరమించిరి. అదే సంవత్సరము డిసెంబరులో రెడ్‌కార్ పట్టణమునందలి రెండవ ప్రయోగమును కూడ మానిరి. అచ్చటను పలువురు వ్యతిరేకించిరి గాని, ప్రభుత్వము చూపిన కారణము వేరు: పంపవలసిన ఉదజనియే సకాలమునకు సిద్ధము కాదని!

గృహస్థుల భయము వట్టి మూఢభయమా? కొంత పరిశీలింతము. సహజవాయువు గాలిలో నూటికి 5 నుండి 15 పాళ్ళ వరకు ఉన్నపుడే అంటుకొనును. ఉదజని 4 పాళ్ళు మొదలు 75 పాళ్ళ వరకు ఎంత ఉన్నను అంటుకొనును. అంటుకొనుటకు కావలసిన రవ్వయు ఎంతో చిన్నది. పట్టుబట్ట రాపిడి వంటి రవ్వ చాలును. పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనబడదు. ఇవి దాని దుర్గుణములు. సుగుణములును ఉన్నవి: విషము కాదు, మిక్కిలి తేలిక యగుటచే కారినను ఆరుబయట క్షణములో పైకెగిరి చెదరిపోవును. పెట్రోలు ఆవిరి, మన వంటగ్యాసు నేలమీద ప్రాకి మూలల దాగును. ఇది అట్లు దాగదు. పైకప్పు క్రింద గాలి వెళ్ళు దారి లేని గదిలో మాత్రము చేరును. అందుచే ఉదజని ఇచ్చు ఇంటికి, ప్రవాహము హఠాత్తుగా హెచ్చినపుడు తమంతట మూతపడు కవాటములు పెట్టవలెననియు, గాలి ఆడు కంతలు విధిగా ఉండవలెననియు పరీక్షలు చేసినవారే చెప్పిరి. కనుక అడిగిన ఇల్లాలు అజ్ఞానముచే అడిగినది కాదు.

అయితే మా దృష్టిలో గృహతాపమునకు ఉదజని పనికిరాదనుటకు అసలు కారణము ప్రేలుడు భయము కాదు, చిల్లర లెక్క. గాలిమర ఇచ్చిన నూరు యూనిట్ల విద్యుత్తు తీసికొందము. దానితో ఉదజని చేసి, అదిమి, గొట్టములో పంపి, బాయిలరులో కాల్చినచో ఇంటికి దక్కు వేడి సుమారు 60 యూనిట్లు. ఆ విద్యుత్తునే తీగ ద్వారా తెచ్చి హీట్ పంపు అను యంత్రమునకిచ్చినచో దక్కు వేడి 270, 300 యూనిట్లు! ఇది ఇంద్రజాలము కాదు. మన ఇంటి రిఫ్రిజిరేటరు లోపలి వేడిని లాగి వెనుకవైపున వదలును గదా; వెనుక చేయి పెట్టి చూచిన వెచ్చగా తగులును. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని అట్లే లాగి ఇంటిలో వదలును. విద్యుత్తు వేడిని పుట్టింపదు, మోయును. ఇట్లు ఉదజని మార్గమునకు అయిదు రెట్ల విద్యుత్తు, అనగా అయిదు రెట్ల గాలిమరలు కావలెను. హీట్ పంపునకు ప్రారంభపు ఖర్చు ఎక్కువ, పాత ఇండ్లకు గోడలు తలుపులు సవరింపవలెను, చలి ముదిరిన దినములలో విద్యుత్తు తీగల మీద భారము హెచ్చును అనునవి సత్యములే. అయినను అయిదు రెట్ల తేడాను పూడ్చుట కష్టము. 2022లో ఈ విషయమున వెలువడిన 32 స్వతంత్ర అధ్యయనములను సమీక్షింపగా, గృహతాపమునకు ఉదజనిని విరివిగా వాడవలెనని చెప్పినది ఒక్కటియు లేదు. 2023 అక్టోబరులో బ్రిటను జాతీయ మౌలిక వసతుల సంఘమువారును భవనములను వెచ్చజేయుటకు ఉదజనిని ప్రోత్సహింపదగదనియే సిఫారసు చేసిరి.

స్కాట్లండులో ఫైఫ్ ప్రాంతమున బక్‌హేవెన్, మెథిల్ అను ఊళ్ళలో మాత్రము సుమారు 300 ఇండ్లకు, ఇష్టపడి చేరినవారికి, వేరు గొట్టము వేసి, సముద్రపుటొడ్డు గాలిమర విద్యుత్తుతో తయారగు ఉదజనిని ఇచ్చు పథకము చేపట్టిరి. పాత గొట్టమును అట్లే ఉంచిరి. కావలసినవాడు ఇందు చేరును, వలదన్నవాడు మానును. విట్బీవారినుండి నేర్చుకొనవలసినది వీరు మొదటనే ఎరిగియుండిరి.

బస్సుల కథ కొంత వేరు. బస్సులో ఉదజనిని మండింపనక్కరలేదు. 1839లో విలియం గ్రోవ్ అను న్యాయవాది శాస్త్రవినోదియై ఒక సంగతి కనిపెట్టెను: ఉదజనిని, ప్రాణవాయువును తగిన పలకల మధ్య కలియనిచ్చినచో మంట లేకయే విద్యుత్తు పుట్టును. విద్యుద్విశ్లేషణమును తలక్రిందు చేసినట్లన్నమాట. దీనినే ఇంధన ఘటమందురు. బస్సు కప్పు మీద సిలిండర్లలోని ఉదజని ఘటములోనికి పోవును, విద్యుత్తు వచ్చును, మోటారు తిరుగును, వెనుక గొట్టమునుండి నీటియావిరి వెలువడును. పొగ లేదు, రొద లేదు.

2003లో ఐస్‌లండు రాజధాని రెక్యవిక్‌లో ప్రజలకు తెరచిన ఉదజని బంకు వెలసెను. మూడు బస్సులు నడచినవి. అదే కాలమున ఐరోపాలో తొమ్మిది నగరములలో, నగరమునకు మూడు చొప్పున, 27 బస్సులను ప్రయోగార్థము నడిపిరి. రెక్యవిక్ విషయము విచిత్రము. అచ్చట ఇండ్లు వెచ్చబడునది భూమి లోపలి వేడినీటితో. విద్యుత్తు జలపాతములనుండియు భూతాపమునుండియు వచ్చును. ఇంటికి ఉదజని అక్కరయే లేదు. చౌక విద్యుత్తు దండిగా ఉన్న ఆ దేశముననైనను ఉదజని వాహనములు వీధులు నిండలేదు. స్కాట్లండులోని అబర్డీన్ 2015లో పది బస్సులు దింపెను. 2021లో ప్రపంచమున మొదటిసారిగా ఉదజని డబుల్ డెక్కరు బస్సులను 15 నడిపెను. ఒక్కొక్కటి సుమారు అయిదు లక్షల పౌనులు. ఫ్రాన్సులో మోంపెల్యే నగరమువారు 51 ఉదజని బస్సులు కొనదలచి, 2022 జనవరిలో ఆ తలంపు మానిరి. బ్యాటరీ బస్సుతో పోల్చినచో కిలోమీటరు ఖర్చు ఆరు రెట్లగునని వారి లెక్కలో తేలినది.

ఇచ్చటను అదే తరుగు. నూరు యూనిట్లు బ్యాటరీలో నింపినచో చక్రములకు 75 దాకా చేరును. ఉదజని చేసి, అదిమి, ఘటములో మరల విద్యుత్తు చేసినచో చేరునది 30కి మించదు. ఉదజని పక్షమున చెప్పదగినది కాలము: బస్సు సిలిండర్లు పది పన్నెండు నిమిషములలో నిండును. బ్యాటరీకి గంటలు పట్టును, బరువును హెచ్చు. రోజంతయు ఆగకుండ కొండలెక్కి దిగు బస్సునకు, దూరాభారము పోవు లారీకి ఇది గణింపదగిన లాభమే. నగరమున మాత్రము బస్సు రాత్రి డిపోలో నిలుచును. నిలిచిన వేళ బ్యాటరీ నింపుకొనవచ్చును. నగరములలో బ్యాటరీ బస్సులు ముందునకు పోవుటకు ముఖ్యకారణమిదియే అని మా అభిప్రాయము.

బంకుల భద్రత సామాన్యమైన పని కాదు. 2019 జూన్ 10వ తేదీన నార్వేలో ఆస్లో నగరమునకు చేరువనున్న ఒక ఉదజని బంకు ప్రేలినది. విచారింపగా, అధిక పీడనపు తొట్టి మూతకు వేయవలసిన బోల్టులు సరిగా బిగింపకుండుటయే కారణమని తేలెను. ఆ ప్రేలుడు అదురునకు దారినపోవు కారులో గాలిసంచులు విచ్చుకొని ఇద్దరికి స్వల్ప గాయములు తగిలినవి, ప్రాణహాని లేదు. మన జాతర బుడగలవాని సిలిండరు మూతయు, ఆ బంకు తొట్టి మూతయు ఒక్క పాఠమునే నేర్పుచున్నవి.

మన దేశమున ఈ పని చిన్నగా మొదలైనది. ఢిల్లీలో 2020 అక్టోబరున రాజ్‌ఘాట్ డిపోలో ఉదజని కలిపిన సి.ఎన్.జి.తో 50 బస్సులను నడిపి చూచిరి. 2023 సెప్టెంబరు 25న అదే నగరమున ఇంధన ఘటపు బస్సులను ప్రారంభించిరి; నాలుగు సిలిండర్లలో 30 కిలోల ఉదజని, దానితో 350 కిలోమీటర్లు. అనగా నూరు కిలోమీటర్లకు ఎనిమిది తొమ్మిది కిలోలు. ఆ కిలోలను విద్యుత్తుతో చేసినచో 450 యూనిట్లకు పైబడును. ఒక చిన్న కుటుంబమునకు రెండు మూడు నెలల కరెంటు! సూరతు దగ్గర కవాస్‌లో 2023 జనవరి నుండి ఒక విద్యుత్కేంద్రపు నివాసములకు గొట్టపు వంటగ్యాసులో కొద్ది పాళ్ళు హరిత ఉదజని కలిపి పంపిరి. నీటిమీద తేలు సౌర పలకల విద్యుత్తుతో ఆ ఉదజనిని తీయుదురు. ముచ్చటైన ప్రయోగమే, పైని చెప్పిన పాలు నీళ్ళ లెక్క దానికిని వర్తించును.

2023 జనవరిలో భారత ప్రభుత్వమువారు జాతీయ హరిత ఉదజని పథకమును ఆమోదించిరి. 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు లక్ష్యము. ఈ ఉదజని ఎవరికి? మన దేశమున ఇప్పటికే ఉదజనిని లక్షల టన్నులు వాడువారున్నారు. వారు గృహస్థులు కారు, బస్సులవారు కారు. నూనె శుద్ధి కర్మాగారములవారు, ఎరువుల కర్మాగారములవారు. రైతు పొలమున చల్లు యూరియాకు అమ్మోనియా కావలెను, అమ్మోనియాకు ఉదజని కావలెను. దానిని నేడు సహజవాయువునుండి తీయుచున్నారు. అచ్చట ఉదజనికి బదులు తీగలోని విద్యుత్తు పనికిరాదు, హీట్ పంపు పనికిరాదు. ఉక్కు కర్మాగారములలో బొగ్గునకు మారుగా ఖనిజమునుండి ఇనుము తీయుటకును ఇట్లే. కష్టపడి చేసిన హరిత ఉదజని మొట్టమొదట పోవలసిన చోటులు ఇవి. దానిని పొయ్యిలో తగులబెట్టుట చందనపు చెక్కతో పిడకల పొయ్యి రాజబెట్టుట వంటిది.

అనకాపల్లి జిల్లాలో అచ్యుతాపురము చేరువనున్న పూడిమడక సముద్రతీరమున హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. దినమునకు 1500 టన్నుల ఉదజని తయారు చేయవలెనని సంకల్పము. కాకినాడలో, హాల్డేన్ తన దేహమును ఒప్పగించిన ఆ కాకినాడలోనే, ఏటికి పది లక్షల టన్నుల హరిత అమ్మోనియా తయారు చేయు కర్మాగారమునకు 2024లో పెట్టుబడి నిర్ణయము జరిగినది. ఎండనుండి, గాలినుండి వచ్చు విద్యుత్తుతో నీటిని విడదీసి, ఆ ఉదజనిని గాలిలోని నత్రజనితో చేర్చి అమ్మోనియా చేయుదురు. సున్నకు దిగువ 33 డిగ్రీలకే అమ్మోనియా ద్రవమగును గనుక ఉదజని వలె ఓడకెక్కుటకు మొరాయింపదు. ఆ సరకులో హెచ్చు భాగమును రేవునుండి విదేశములకు పంపవలెనని వారి ఉద్దేశము.